గుట్టెక్కుదాం సందేశం: సటీకా తాత్పర్యం

మూలం:

రేపు పొద్దున్నే ఖాజాగూడ గుట్ట ఎక్కుదాం
అయిదున్నరకల్లా గేటు దగ్గరుండాలి
ఎవరెవరొస్తున్నారు?
వానొస్తే చూద్దాం

అవతారిక: ఇది సందేశకావ్యం. హైదరాబాదు పడమటి దిక్కున ఒక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, శనివారం రాత్రి భోజనానంతరం వెలువడింది. ఈ జాతి కావ్యాలకు పెద్ద మేఘసందేశం. అందులో యక్షుడు రామగిరి మీద కూర్చుని ఇంటికి కబురు పంపాడు. ఇక్కడ కవి ఇంట్లో కూర్చుని కొండకోసం కబురు పెట్టాడు. విరహం ఒక్కటే, దిక్కు మారింది. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ వైపు కొల్చారం గనక ఈ పని చేయడానికి మాకూ కాస్త స్థానబలం ఉంది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ముందే ఒట్టు పెట్టుకున్నాడు. మొదటిదానికి మేమూ కట్టుబడతాం. రెండోదానికి మాట ఇవ్వలేం.

ప్రతిపదార్థం: రేపు = తెల్లవారితే వచ్చే ఆదివారం నాడు. ("ఎప్పుడో ఒక ఆదివారం" అని కూడా కొందరు అర్థం చెబుతారు. గ్రూపు చరిత్రను బట్టి ఆ అర్థమే బలమైనది.) పొద్దున్నే = ఎండ ముదరకముందే. ఖాజాగూడ గుట్ట = ఫక్రుద్దీన్ గుట్ట అని మరో పేరు గలది, ఆఫీసు అద్దాల మేడల్లోంచి రోజూ కనిపించేది, కనిపిస్తుంది గనకనే ఎవరూ వెళ్ళనిది. ఎక్కుదాం = అందరం కలిసి ఎక్కుదము. ఈ బహువచనం దగ్గరే కావ్యానికి శని పట్టింది. ఎలాగో మూడో పాదంలో చెబుతాం.

గుట్ట అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఈ బండల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బండ మీద బండను ఎవరో పేర్చినట్టు కనిపిస్తుంది గానీ ఎవరూ పేర్చలేదు, ఎక్కడినుంచీ దొర్లించుకు రాలేదు. ఒకప్పుడు అంతా ఒకే రాయి. అందులో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు. వాటి వెంట నీళ్ళు దిగి, రాయి మెత్తబడి, మూలలు ముందుగా అరిగి, ఉల్లిపొరల్లా పైపెంకులు ఊడిపోయి, మధ్యలో మిగిలినవి గుండ్లయ్యాయి. మెత్తబడిన మట్టి కొట్టుకుపోయింది, గుండ్లు ఉన్నచోటే నిలిచిపోయాయి. కాబట్టి గుట్ట మీద మనం చూసేది పేర్చిన వైనం కాదు, తీసేయగా మిగిలిన వైనం. వీటిని కాపాడాలని 1996లో కొందరు నగరవాసులు సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు, జనాన్ని వెంటబెట్టుకుని బండల మధ్య నడకలూ నడిపిస్తున్నారు. ఇక గుట్ట మీది సీసాపెంకుల గురించీ, రాతి మీద పెయింటుతో రాసిన ప్రేమికుల పేర్ల గురించీ వ్యాఖ్యానించడం మా స్థాయికి తగదు. రాసినవాళ్ళ పేర్లు మాత్రం చదివాం.

రెండో పాదం: అయిదున్నరకల్లా = ఇది ఋతువును బట్టి అర్థం మారే పదం. మే నెలలో హైదరాబాదుకు అయిదూ ముప్పావు ప్రాంతంలోనే సూర్యుడొస్తాడు. డిసెంబరులో ఆరున్నర దాటితే గానీ రాడు. అంటే వేసవిలో అయిదున్నర ఆలస్యం (ఎనిమిదికల్లా బండ అరికాలికి చురకపెడుతుంది), చలికాలంలో అది టార్చిలైటు వేళ. కవి ఋతువు చెప్పకపోవడం దోషమే. గేటు దగ్గర = గేటు లోపలా, బయటా? ఈ సందేహం చిన్నది కాదు. మా పరిశీలనలో ఈ యాత్రలో అతి కష్టమైన భాగం మంచానికీ గేటుకూ మధ్య ఉంది. ఆ తర్వాతంతా ఎక్కడమే. ఉండాలి అన్న తర్వాత "బూట్లతో, నీళ్ళసీసాతో" అని అధ్యాహారం చేసుకోవాలి. చేసుకోనివాళ్ళు హవాయి చెప్పులతో వస్తారు.

పూర్వపక్షం: గుట్టెక్కడం కూడా సాహసమేనా? సాహసమంటే హిమాలయం, పది రోజుల సెలవు, గుండెకు ఇన్సూరెన్సు అని కొందరి వాదం. సమాధానం: నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ళ వయసులో, ఎవరెస్టు ఎక్కింది. బండ ఎక్కడం ఆమె నేర్చుకున్నది భువనగిరిలో, హైదరాబాదు నుంచి గంటన్నర దూరంలో. ఇంకో సాక్ష్యం దేశాంతరం నుంచి. ఆలస్టేర్ హంఫ్రీస్ అనే ఇంగ్లండు ఆయన నాలుగేళ్ళు సైకిలు మీద ప్రపంచం చుట్టి వచ్చాడు. వచ్చాక చేసిన పనుల్లో ఒకటి, లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారి దరిదాపుల్లో కాలినడకన ఒక ప్రదక్షిణ. ఆయన లెక్క సులువు: ఉద్యోగం 9 నుంచి 5 దాకా అయితే, 5 నుంచి మర్నాడు 9 దాకా పదహారు గంటలు నీవే. సాయంత్రం బయల్దేరు, ఏ మిట్ట మీదో పడుకో, తెల్లారి ఆఫీసుకు పో. మన ఐటీవాళ్ళకు ఈ లెక్క తిరగేసి చెప్పాలి, సాయంత్రాలు అమెరికావాడి కాల్స్‌కి పోతాయి గనక. మిగిలేది తెల్లవారుజామే. మూలంలో కవి అయిదున్నర అన్నది అందుకే. ఇక 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగురోడ్డు చుట్టూ నడవాలని ఎవరికైనా బుద్ధి పుడితే పక్క ఊళ్ళ దారుల్లోంచి పోవాల్సిందే, దాని మీదికి స్కూటరునే రానివ్వరు.

మూడో పాదం: ఎవరెవరొస్తున్నారు? ఈ ప్రశ్నార్థకం మీద గ్రంథం రాయొచ్చు. దీనికి జవాబుగా బొటనవేళ్ళు మొలిచాయి. ఒకరు పార్కింగ్ ఉందా అన్నారు. ఒకరు ఏడింటికైతే వస్తామన్నారు. ఒకరు బండ మీంచి ఎవరో జారిపడుతున్న వీడియో పంపారు. ట్రెక్కింగ్ కర్ర ఆర్డరు పెట్టాననీ, అది వచ్చే వారం చేరుతుందనీ, అప్పటిదాకా ఆగుదామనీ ఇంకొకరు. అర్ధరాత్రికి చర్చ అనంతగిరిలో రిసార్టు ధరల దాకా వెళ్ళింది. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు. అతను ఎలాగూ ఉంటాడు.

ఇక్కడ ఒక శంక. తెలుగువాళ్ళకు బద్ధకం సహజగుణమా? కాదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళు మనవాళ్ళే. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలంలో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచేదీ మనవాళ్ళే, చాలామంది చెప్పుల్లేకుండా. చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలో సలేశ్వరానికి రాళ్ళూ రప్పలూ దిగి పోతారు. అక్కడికి వెళ్ళే ముసలమ్మ ఎవరినీ "వస్తున్నారా" అని అడగదు. తిథి వచ్చింది, మూట కట్టింది, బయల్దేరింది. భక్తి ఉంది గనక వెళ్తారనడం సగం మాటే. మిగతా సగం పంచాంగానిది. తిథికి ఓటింగు లేదు.

అందువల్ల "ఎవరెవరొస్తున్నారు?" అన్న మూడో పాదం ప్రక్షిప్తమని మా నిశ్చయం. ఏ మొహమాటస్తుడో తర్వాత చేర్చాడు. దాన్నిబట్టి "ఎక్కుదాం" కూడా మార్చాలి. పదిమందిని కలుపుకున్న క్రియకు కర్త దొరకడు.

నాలుగో పాదం: వానొస్తే చూద్దాం. చూద్దాం = చూడము. అయితే వాన సంగతి పూర్తిగా కొట్టిపారేయలేం. తడిసిన నున్నటి బండ మీద బూటు నిలవదు, ఎక్కడం తప్పే. కానీ గుట్టకు కింద కూడా ఒక చుట్టుకొలత ఉందని కవి మరిచాడు.

పరిష్కృత పాఠం:

ప్రతి ఏకాదశి పొద్దున్నే గుట్టకు పోతున్నాను
అయిదున్నరకు గేటు దాటుతాను
వానొస్తే పైకి కాదు, చుట్టూ

తాత్పర్యం: ఏకాదశి నెలకు రెండుసార్లు వస్తుంది, ప్రతి వంటింటి క్యాలెండర్లోనూ అచ్చయి ఉంటుంది, ఆదివారం కోసం ఆగదు. వచ్చేవాళ్ళు వస్తారు. రానివాళ్ళకు బొటనవేలు పెట్టే శ్రమ కూడా లేదు.

ఈ పాఠాన్ని గ్రూపులో పెట్టగానే మూడో అంతస్తు పెద్దావిడ ఒకరు ఆక్షేపించారు: "ఏకాదశంటే ఉపవాసం కదా నాయనా, గుట్ట దిగాక ఇడ్లీ ఎట్లా తింటారు?" ఆక్షేపణ శాస్త్రసమ్మతం. పాఠాన్ని ద్వాదశికి సవరించాం. పారణ పొద్దున్నే చేయాలని ధర్మశాస్త్రమే చెబుతోంది.