1/70 వర్తించని అరకు

అరకులో గిరిజనేతరుడు సెంటు భూమి కొనడానికి లేదు. 1959 నాటి నిబంధనకు పదును పెట్టి తెచ్చిన 1/70 చట్టం ఆ దారిని అర్ధశతాబ్దం కిందటే మూసేసింది. అందులో ఒక చక్కని మెలిక కూడా ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే చాలు, అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన పూచీ పట్టుకున్నవాడిదే, పోగొట్టుకున్నవాడిది కాదు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు సర్కారువారిని సైతం ఈ కంచె అవతలే నిలబెట్టింది. ఇంత కట్టుదిట్టమైన లోయలో అడ్డూ ఆపూ లేకుండా అమ్ముడుపోయే ఆస్తి ఒక్కటే: అరకు అనే పేరు. దానికి ముందు 'బుకింగ్' అనో వెనక 'రిసార్ట్స్' అనో తగిలించి, మధ్యలో ఒక అడ్డగీత గీసి, చివర డాట్ కామ్ తోక పెట్టి, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా ఎవరైనా కొనుక్కోవచ్చు. కుల ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు, పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గుమ్మం ఎక్కనక్కర్లేదు. కొనేవాడు ఏ దేశంలో కూర్చున్నాడో అమ్మేవాడికి పట్టదు.

ఆ పేరుకు గిరాకీ లేకపోతే ఈ గోల ఉండేది కాదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2024 జూన్‌లో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు, అద్దాల బోగీ టికెట్ల కోసం శీతాకాలమంతా జనం కాచుకుని ఉంటారు. గిరాకీ ఉన్నచోటికి నకిలీ రాకుండా ఉంటుందా? కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఒక హెచ్చరిక చేసింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్లు, యాత్రికుల వసతి గృహాలు, సెలవుల ప్యాకేజీల పేరిట దొంగ వెబ్‌సైట్లు వెలిశాయట, డబ్బు కట్టేముందు సైటు అసలుదో కాదో నిర్ధారించుకోవాలట. ఎలా నిర్ధారించుకోవాలన్నదే చిక్కు. దానికిప్పుడు మందు దొరికిందంటున్నారు. మన ఏఐ సహాయకుడికి దొంగ పేర్లు పసిగట్టే పరికరాన్ని తగిలిస్తే సరిపోతుందట. అలా తగిలించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి ఉంది. 'ఈ సైటులో గది బుక్ చేయమంటావా?' అని అడిగితే, సహాయకుడు పరికరాన్ని సంప్రదించి, 'ఆగండి, ఇది నిన్నగాక మొన్న పుట్టిన పేరు' అని చెవిలో చెబుతాడు.

పరికరం చేసే పనిలో మాయ ఏమీ లేదు. డీఎన్ఎస్‌ట్విస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దానికి ఒక అసలు పేరు ఇస్తే, దొంగ ఆలోచించే పద్ధతిలోనే ఆలోచిస్తుంది. ఒక అక్షరం తీసేస్తుంది, ఒకటి రెండుసార్లు కొడుతుంది, పక్కపక్క అక్షరాలను తారుమారు చేస్తుంది, తోక మారుస్తుంది. తిరుమలలోని ఇంగ్లిష్ 'ఎమ్' తీసి 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే ఫోన్ తెరమీద అది 'ఎమ్' లాగే కనిపిస్తుంది, ఆ సంగతీ దానికి తెలుసు. మన లిపిలోనూ ఈ వైభవానికి లోటు లేదు. తెలుగు సున్నా అంకెనీ పూర్ణానుస్వారాన్నీ వేరుచేసి చెప్పడం పండితులకే కష్టం, కన్నడ అ, ర పక్కన మన అ, ర పెడితే కవలలే. ఇలా పుట్టించిన పేర్లలో ఏది ఇప్పటికే ఎవరో కొన్నారు, ఎప్పుడు కొన్నారు, దానికి మెయిల్ సర్వర్ ఉందా లేదా అని విచారించి పరికరం జాబితా ఇస్తుంది.

ఇది అవసరం లేదని తిరుమల సంగతి తెలిసినవారెవరూ అనలేరు. 2023 ఏప్రిల్‌లో దేవస్థానం ఒక దొంగ సైటు మీద ఫిర్యాదు చేసింది. అప్పటి అసలు చిరునామా 'తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. దొంగది 'తిరుపతిబాలాజీ హైఫన్ ఏపీ హైఫన్ గవ్ డాట్ ఆర్గ్'. చుక్క బదులు గీత, తోక బదులు తోక, అంతే. అప్పటికి అది 41వ నకిలీ అని లెక్క. ఇక మరుసటి ఏడాది జనవరిలో దేవస్థానమే తన అసలు చిరునామాను 'టీటీదేవస్థానమ్స్' అని మార్చుకుంది. అంతకు కొన్నేళ్ల ముందు దాని పేరు ఇంకొకటి. పాత పేరుకు అలవాటుపడిన భక్తుడి కంటికి కొత్త అసలుకన్నా పాత నకిలీయే ఎక్కువ అసలుగా కనిపిస్తే తప్పు భక్తుడిదా? పరికరానికైనా అసలేదో ఎవరో ఒకరు చెప్పాలి గదా.

అయినా ఈ పరికరం గొప్పతనంలోనే దాన్ని పెట్టిన చోటులోని తప్పు బయటపడుతుంది. దొంగ కొనకముందే, దొంగ కొనబోయే పేర్ల జాబితాను అది తయారుచేయగలదు. మరి ఆ జాబితా పేరు అమ్మే అంగట్లో ఉండాలా, అరకు చూడబోయే అమాయకుడి జేబులో ఉండాలా? సంతలో దొంగ తూకాలు ఉన్నాయని తెలిస్తే తూనికల శాఖ వర్తకుడి రాళ్లకు ముద్ర వేస్తుంది గానీ, వెదురుబుట్టతో కొండ దిగివచ్చిన మనిషికి 'నీ త్రాసు నువ్వే తెచ్చుకో' అని చెప్పదు. ఇక్కడ మాత్రం అదే చెబుతున్నారు, పైగా త్రాసుకు నెలసరి చందా. అమ్మే రిజిస్ట్రారుకు ఒక్క క్షణంలో అయ్యే తనిఖీని కోట్లమంది కొనుగోలుదారులు ఎవరికి వారు, క్లిక్కు క్లిక్కుకీ చేసుకోవాలి. పూచీ ఎవరిదో 1/70 తేల్చినట్టు ఇంటర్నెట్ పేర్లలో తేల్చినవారు లేరు. మోసం జరిగాక కోర్టుకు వెళితే అక్కడ ప్రతివాది అశోక్ కుమార్. ఎవరో తెలియని నిందితుడికి మన న్యాయస్థానాలు పెట్టుకున్న ఆనవాయితీ పేరది. పాపం, దేశంలో ఇంత పెద్ద ఎత్తున వ్యాపారం చేస్తూ ఎక్కడా దొరకని మనిషి ఇంకొకడు లేడు.

అరకు ఊరిపేరు, దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అమ్మేవాడు ప్రతి పేరునూ ఆపితే నిజమైన వ్యాపారి చిక్కుకుపోతాడని అంటారు. సబబైన మాటే. కానీ ఆపమనడం లేదు, అడగమంటున్నాం. 'అరకు' పక్కన 'కాఫీ' చేర్చి కొనేవాడికి వంద కారణాలు ఉండవచ్చు. 'ఏపీ హైఫన్ గవ్' అని గీతలు పెట్టి కొనేవాడికి సదుద్దేశం ఒక్కటి చెప్పండి చూద్దాం. రిజిస్ట్రార్లు విదేశాల్లో ఉన్నారు, మన చట్టం అందదనేది ఇంకొక అభ్యంతరం. అంతర్జాతీయంగా పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ 2024 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రార్లకు కొత్త షరతు పెట్టింది, ఫిషింగ్‌కు ఆధారం చూపితే చర్య తీసుకోవాలని. ఆధారం అంటే ఎవరో ఒకరు మునిగాక దొరికేది. మన చేతిలో ఉన్నంత మేరకైనా కుదురుతుందా అంటే, కుదిరింది. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో బ్యాంకులకు విడిగా 'బ్యాంక్ డాట్ ఇన్' అనే తోక ప్రకటించి, అక్టోబరు 31లోగా మారిపోవాలని గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానిదే. బ్యాంకు కానివాడికి ఆ తోక దొరకదు. పరికరం లేదు, సహాయకుడు లేడు, అమ్మేచోటే తలుపు వేశారు. 1/70 ఉన్నా అరకులో బినామీలు లేరా అని ఎవరైనా ఎత్తిపొడవవచ్చు. ఉన్నారు. అందుకని చట్టం ఎత్తేసి గిరిజనులందరికీ బినామీలను పసిగట్టే యాప్ ఇద్దామని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఏమో, రేపు అంటారేమో.

పరికరం కొండమీదికి వచ్చాక ఇంకొక విడ్డూరం జరుగుతుంది. 2023 జూన్‌లో ఒకే రోజు ప్రారంభించిన 100 4జీ టవర్లలో 85 అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. సిగ్నల్ వచ్చింది గనక వంజంగి దగ్గరో మాడగడ దగ్గరో ఒక గిరిజన కుర్రాడు తన ఇంట్లో రెండు గదులు సిద్ధం చేసి, పోయిన వారమే ఒక పేరు కొన్నాడనుకోండి. పరికరం కంటికి అతని లక్షణాలు ఇవి: పేరు వయసు ఏడు రోజులు, సైటు భద్రతా సర్టిఫికెట్ ఉచితానిది, యజమాని వివరాలు దాచి ఉన్నాయి, పేరులో 'అరకు' ఉంది, బుకింగుకు వాట్సాప్ నంబరు. దొంగ లక్షణాల పట్టికతో పోలిస్తే ఒక్కటీ తేడా లేదు. పదేళ్ల కిందట పేరు కొని, కమీషను మీద గదులు అమ్మే నగరపు కంపెనీకి మాత్రం అన్నీ పచ్చజెండాలే. సహాయకుడు ఎంతో మర్యాదగా, 'ఈ సైటు అనుమానాస్పదం, బదులుగా ఫలానా యాప్‌లో ఇదే లోయలో గదులున్నాయి' అని దారి మళ్లిస్తాడు. అడవి సరుకుకు మధ్యన దళారీ ఉండకూడదని 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. గదుల దళారీకి ఇప్పుడు ఉచితంగా ఒక సిఫారసు గుమాస్తా దొరికాడు.

బ్యాంకులకు ఇచ్చినట్టే ఆ కుర్రాడికీ సర్కారు తోక కింద ఒక పేరు ఇవ్వవచ్చు. ఐటీడీఏ దగ్గర హోమ్‌స్టేల జాబితా పెట్టుకుని, అందులో ఉన్నవారికే ఆ పేరు ఇస్తే సహాయకుడికి పోల్చుకోవడానికి ఒక అసలు దొరుకుతుంది, అనుమానించే పని సగం తగ్గుతుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు. సర్కారు తోక అంటే పేరు అమ్మేవాడు, అద్దె తీసుకునేవాడు ఉండరు గనక ఈ పథకాన్ని గట్టిగా అడిగే కంపెనీ ఒక్కటీ ఉండదు. అందువల్ల ముందుగా పరికరమే వస్తుంది.