మస్కడే పద్యము – సటీకా తాత్పర్యము

ఆ.వె.
చవక ధరకు దొరకు చక్కని మస్కడే
మడ్డి మీఁద పండి మంచునాళ్ళ
అలల యుప్పు దాచు నాల్చిప్పతో గూడి
నాలుకంట నొక్క నవ్వు నవ్వు

టీక: చవక ధరకున్ = ఫ్రాన్సులో 10 యూరోల లోపుననే; దొరకు = లభించునట్టి; చక్కని మస్కడే = లువార్ నది సముద్రమున కలియువైపు, నాంత్ నగరపు చుట్టుపట్ల పుట్టెడు తెల్ల వైను; మంచునాళ్ళన్ = శీతకాలమందు; మడ్డి మీఁదన్ = పులియుట ముగించి అడుగున పేరిన ఈస్టు మీద; పండి = శయనించి, పక్వమై (శ్లేష); అలల యుప్పు దాచు = కడలినీటిని కడుపున దాచుకొన్న; ఆల్చిప్పతోన్ కూడి = పచ్చి ఆల్చిప్పతో జతపడి; నాలుక అంటన్ = నాలుకకు తగులగా; ఒక్క నవ్వు నవ్వున్.

విశేషములు: "చక్కని" యనుటపై శంక. దీని ద్రాక్ష మెలోన్ ద బుర్గోన్య. ఘనత వహించిన షార్డనేకు తోబుట్టువు. రెంటికిని కన్నవారు పినో, గుయే బ్లాన్ అనునవే. షార్డనేకు పేరు, ధర, ఓక్ పీపా. దీనికా, పరిమళము సైతము అంతంతమాత్రము. ఇక చక్కదన మెక్కడిది?

సమాధానము: 1709 నాటి మహాశీతమున నాంత్ తోటలు మాడిపోగా, చలికోర్చునని దీనినే విరివిగా నాటిరి. తన రుచిని చాటుకొనదు గనుకనే దీని సరసన ఆల్చిప్పలోని సముద్రము నాలుకకు నిండుగా తెలియును. ఓక్ వాసన గల షార్డనే అయినచో ఆల్చిప్పకు నోరెత్తనీయదు. ఇది ఈ వ్యాఖ్యాత మతము. కాదనువారు తమ ఖర్చుతో పరీక్షించుకొనవచ్చును.

"మడ్డి మీఁద": తొట్టి మార్చక, మడ్డిపై నుండియే సీసాల కెత్తవలెను. మరుసటి మార్చి రాకమున్ను ఎత్తరాదని నియమము. సీసాపై "సుర్ లీ" అనుట దీనికే. అందుచే పులిసిన పిండి కమ్మదనము, రవంత బొగ్గుపులుసు వాయువు నిలుచును. పద్యములోని నవ్వు ఆ వాయువే.

పాఠాంతరము: కొన్ని భోజనశాలల ప్రతులలో "అధిక ధరకు" అని కలదు. యతి చెడినది. అగ్రాహ్యము.

తాత్పర్యము: ఆల్చిప్పలు తెరిపించుము. మస్కడేను చల్లగా పోయుము. 8–10 డిగ్రీలు చాలును, అంతకు మించి చల్లబరచిన ఉన్న కాస్త రుచియు ముడుచుకొనును.

సీసాలో మిగిలినచో? మిగులునా యని ప్రతిశంక. మిగిలెనే యనుకొందము: సన్నగా తరిగిన చిన్న ఉల్లితో, వెనిగర్‌తో కాచి ఇగిర్చి, చల్లని వెన్న కొంచెము కొంచెముగా గిలకొట్టవలెను. అదియే బ్యూర్ బ్లాన్, నాంత్ వారి సొంత వంట. చేపపై పోయుదురు.