టేపు పట్టని యూనిఫాం

మా రోజుల్లో ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాడు టైమాఫీసు నుంచి నేరుగా దర్జీ దగ్గరికే వెళ్ళేవాడు. స్టోర్స్‌లో యూనిఫాం రిజిస్టరు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. డ్రిల్లు బట్ట తాను రాగానే కత్తెర పెట్టనిచ్చేవాళ్ళం కాదు. రాత్రంతా తొట్టిలో నానబెట్టి, ఆరేసి, ముడుచుకోవలసినంతా ముడుచుకున్నాకే కోత. లేకపోతే రెండు ఉతుకులకే చంకల్లో పట్టేస్తుంది. లేత్ మీద నిలబడేవాడికి చేతులు బిగుతుగా కుట్టాలి. వెల్డరుకి అచ్చమైన నూలు బట్టే ఇవ్వాలి. పాలిస్టరు మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఇప్పుడు స్మాల్, మీడియం, లార్జ్ అని మూడు కట్టలు తెచ్చి పడేస్తారు. అవీ మగవాళ్ళ కొలతలే. ఆడపిల్లలు షాపు ఫ్లోరు మీదకి వచ్చారు, రావాలి, చూస్తే నాకెంతో సంతోషం. కానీ భుజాలు జారిపోయే చొక్కా తొడిగి మిషను దగ్గర నిలబెట్టడమేమిటి? మా వీధిలో ఒకమ్మాయి రోజూ చొక్కా చేతులు రెండు మడతలు పెట్టి, పిన్నీసు గుచ్చుకుని డ్యూటీకి పోతుంది. తిరిగే షాఫ్టుకి ఆ మడత ఒక్కసారి చిక్కితే చెయ్యి ఉంటుందా? నడుస్తున్న యంత్రం దగ్గర పనిచేసేవాడికి బిగుతు బట్టలు యాజమాన్యమే ఇవ్వాలని 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్లోనే రాసి ఉండేది. అక్కడ రాసింది మగ కార్మికుడి గురించే. మరి మనుషులు మారాక కొలతలు మారవద్దా?

కాంట్రాక్టు కుర్రాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. ఒడిశా నుంచో, బీహారు నుంచో వచ్చినవాడు ఆర్నెల్లు కూడా ఉండడు, వాడికి కొత్తది కుట్టించడం దండగ అంటాడు కాంట్రాక్టరు. మానేసిపోయినవాడి చొక్కా ఉతికీ ఉతక్కుండా వచ్చినవాడికి తగిలిస్తాడు. కొత్తది ఇస్తే మొదటి జీతంలోనే కోత. పర్మినెంటువాళ్ళకు నీలం, వీళ్ళకు వేరే రంగు. ఇద్దరికీ అంటేది ఒకే గ్రీజు కదా! రంగు చూసి క్యాంటీన్లో కూడా పిలుపు మారుతుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఖర్చెక్కువని సాకు చెప్పకండి. బేరం కలిసొచ్చిందని ఏడాదికి సరిపడా ఒకే సైజులు కొని, ఎవరికీ పట్టక బీరువాలో మూలుగుతున్న కట్టల ఖర్చో? పోయినేడాది ఇండెంటుకి నకలు తీయడం మానండి. ఈ నెల చేరినవాళ్ళ జాబితా ముందు పెట్టుకుని రాయండి. ఆడవాళ్ళ కొలతలు విడిగా తెప్పించండి. తిరిగొచ్చిన బట్టలు వేణ్ణీళ్ళలో ఉతికించి, చిరుగులు కుట్టించాకే ఇంకొకరికి ఇవ్వండి. వారానికో పూట దర్జీని టేపుతో సహా స్టోర్స్ వరండాలో కూర్చోబెట్టండి, ఆ అమ్మాయి చొక్కా చేతులు ముందుగా సరిచేయించండి.