సంతకం చేసిన లింకు

'వివరాలకు ఇక్కడ నొక్కండి' అని నీలిరంగులో, కింద గీత గీసి మరీ ఉంది. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా నొక్కాను. పేజీ పెద్దదై 'క్కడ నొ' అన్న ముక్క తెరంతా పరుచుకుంది. వేలు తడిగా ఉందేమోనని లుంగీకి తుడుచుకుని మళ్ళీ నొక్కాను. అప్పుడు కనిపించాయి: అక్షరాల మీదుగా గుండ్రటి ఊదారంగు స్టాంపు, దాని మీద పొట్టి సంతకం, పైమూలన స్టేప్లర్ పిన్ను నీడ.

అంటే ఎవరో పుణ్యాత్ముడు లింకుని కంప్యూటర్లో శుభ్రంగా టైపు చేసి, కాగితం మీద ప్రింటు తీసి, అధికారి చేత సంతకం పెట్టించి, ముద్ర కొట్టి, స్కానర్ కింద బోర్లా పడుకోబెట్టి, వచ్చిన ఫోటోని పీడీఎఫ్ చేసి లోకం మీదికి వదిలాడు. అది తిరిగి తిరిగి మా పెన్షనర్ల వాట్సాప్ గ్రూపులో పడింది. నేను ఇంతసేపూ నొక్కుతున్నది లింకుని కాదు, లింకు ఫోటోని. గోడమీది క్యాలెండర్లో తిరుపతి హుండీ బొమ్మ చూసి అందులో పది రూపాయలు వేయబోయినట్టుంది నా పని.

సంగతి మెడికల్ రీయింబర్స్‌మెంట్. నాకు కావలసినవి రెండే ముక్కలు. ఏ ఫారం నింపాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. సర్క్యులర్ 38 పేజీలు. మొదటి పేజీలో సగం దాకా సూచికలే. 'పై 4వ సూచికలో ఉదహరించిన ఉత్తర్వుల ననుసరించి, 2వ సూచికకు పాక్షిక సవరణగా' అని మొదలైన వాక్యం రెండో పేజీలో గానీ ఊపిరి తీసుకోదు. గడువు తేదీ 31వ పేజీలో, అనుబంధం-7 కింద, ఓ పట్టికలో ఉంది. ఆ పట్టిక అడ్డంగా స్కాన్ అయింది. చదువుదామని ఫోన్ తిప్పాను. ఫోన్‌తోపాటు పేజీ కూడా తిరిగింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ తిరిగింది. చివరికి మెడ తిప్పాను. ఆ మెడనొప్పికి చేయించుకునే వైద్యం రీయింబర్స్‌మెంట్ కిందికి వస్తుందో రాదో బహుశా అనుబంధం-8లో ఉండాలి.

'వెతకండి అన్న చోట గడువు అని కొట్టండి అంకుల్, అదే దొరుకుతుంది' అని సలహా ఇచ్చాడు పై వాటా కుర్రాడు. ఫోటోలో ఏం దొరుకుతుంది? సున్నా ఫలితాలు. ఫోటో కాని పీడీఎఫ్ అయినా మన తెలుగుకి సుఖం తక్కువ. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేజీ కంటికి ముత్యాల్లా కనబడుతుంది. అందులోంచి ఓ వాక్యం కాపీ చేసి ఇంకోచోట పెడితే ఇంగ్లిషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, నెత్తిన చుక్కలున్న ఎవరివో పరాయి అచ్చులూ వచ్చి కూర్చుంటాయి. యంత్రం దృష్టిలో అక్కడ తెలుగన్నదే లేదు.

సరే, నొక్కితే వెళ్ళనప్పుడు ఆ పక్కనే అచ్చువేసిన అడ్రసైనా చేత్తో కొడదామనుకున్నాం. మా ఆవిడ చదవాలి, నేను కొట్టాలి.

'హెచ్ టీ టీ పీ ఎస్. తర్వాత రెండు చుక్కలు. తర్వాత రెండు గీతలు.'

'నిలువా, అడ్డమా, వాలుగానా?'

'వాలుగానే. ఎటు వాలాయో అడక్కండి, స్టాంపు పడింది.'

'కానీ.'

'తర్వాత ఒకటి. లేకపోతే చిన్న ఎల్లు. పెద్ద ఐ కూడా అయ్యుండొచ్చు.'

'ఏదో ఒకటి తేల్చు.'

'నన్నంటారేంటి, నేనేమన్నా రాశానా? పక్కన సున్నానో, ఓనో. ఆ తర్వాత ఖాళీ.'

అడ్రసులో ఖాళీ ఉండదని నాకు తెలుసు. ఉంటే గింటే కింద అడ్డగీత ఉండాలి. కానీ లింకన్నాక మొత్తం కింద గీత గీస్తారు కదా, అసలు గీత ఆ గీతలో కలిసిపోయింది. ఉందో లేదో ఆ గీసినవాడికీ, సంతకం పెట్టినాయనకీ తెలియాలి. ఉందనుకుని ఓసారి, లేదనుకుని ఓసారి కొట్టి, రెండూ చెల్లక, కిందనున్న ఇంకో లింకు దగ్గరికి వచ్చాం. అక్కడ మా ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

'పర్సెంట్, ఈ, సున్నా. పర్సెంట్, బీ, సున్నా. పర్సెంట్, ఎనిమిది, అయిదు. మళ్ళీ పర్సెంట్, ఈ, సున్నా... ఏవండీ, ఇది రెండున్నర లైన్లుంది.'

బెంగళూరులో ఉన్న మావాడికి ఫోన్ చేస్తే వాడు నవ్వి, 'అది అ నాన్నా' అన్నాడు.

'ఏది?'

'అమ్మ ఇప్పటిదాకా చదివిందంతా కలిపి అ.'

ఎవరో భాషాభిమాని ఆ లింకు వెనకున్న ఫైలుకి తెలుగులో 'అనుబంధం' అని పేరు పెట్టాడట. వెబ్ అడ్రసులు ఇంగ్లిషు అక్షరాలూ, అంకెలూ, కొన్ని గుర్తులూ తప్ప ఒప్పుకోవు కనక, యంత్రం మన ఒక్కో గుర్తునీ మూడు ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కకీ ముందో పర్సెంటు, వెనక రెండు గుర్తులు. వెరసి ఒక్క 'అ' కి తొమ్మిది. కొమ్ములూ సున్నాలూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. 'అనుబంధం' అన్న పాపానికి 63. మామూలుగా అయితే ఇదంతా తెర వెనకే జరిగిపోతుంది, మనిషి కంటబడాల్సిన అవసరం లేదు. కాగితం మీద అచ్చేసి, మనిషి చేత చదివించి, మనిషి చేత కొట్టించాలని మాత్రం దాన్ని కనిపెట్టినవాడు కలలో కూడా అనుకుని ఉండడు. మా ఆవిడ ఆ 63నీ, వాటి వెనకున్నవాటినీ ఓపిగ్గా చదివింది. నేనూ కొట్టాను. 'మీరు కోరిన పేజీ లభ్యం కాదు' అని వచ్చింది. అడ్రసులు మార్చొద్దయ్యా అని వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే మొత్తుకుంటూ రాశాడు. ఆయన మాటకే దిక్కు లేదు.

పాపం, పీడీఎఫ్‌ని తిట్టి లాభం లేదు. 1993లో అడోబీ వాళ్ళు దాన్ని తెచ్చిందే, ఏ మెషీన్లో తెరిచినా, ఏ ప్రింటర్లో తీసినా పేజీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేలా ఉండాలని. ఆ మాట అది ఈనాటికీ తప్పలేదు. నా అరచేతిలో కూడా 210 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏ4 కాగితంలాగే ఉంటానని భీష్మించుకుంది. నా ఫోన్ వెడల్పు అందులో మూడోవంతు. ప్రింటు తీసుకునేవాడి కోసం పుట్టినదాన్ని, బస్టాండులో నిలబడి చూసుకునేవాడి నెత్తిన పెట్టినవాళ్ళది తప్పు. లింకు నొక్కి దూకడమైనా కొత్త సంగతేం కాదు. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు, మౌసు పట్టుకుని తెరమీది మాటని నొక్కి దాని తాలూకు వివరంలోకి దూకి చూపించాడు. అప్పుడు వెళ్ళింది. నాకే ఇప్పుడు వెళ్ళడం లేదు.

అంతకన్నా ముందు, 1945 జులైలో, వానెవార్ బుష్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 'ది అట్లాంటిక్' పత్రికలో ఓ బల్లని ఊహించాడు. మనిషి చదివినవన్నీ అందులో ఉంటాయి, ఒకదాన్నుంచి దానికి సంబంధించిన ఇంకోదానికి దారి వేసుకోవచ్చు. గొప్ప ఊహే. కానీ మా ఆఫీసు బల్లల మీద ఆ దారులు ఎర్రనాడాతో, గుండుసూదితో ఉండేవి. నోట్‌ఫైల్లో 'ఫ్లాగ్-ఎ వద్ద చూడగలరు' అని రాసి, పాత ఉత్తర్వు ఉన్న పేజీకి 'ఎ' అని రాసిన చీటీ గుచ్చేవాళ్ళం. సారు వేలు పెట్టి లాగితే సరిగ్గా ఆ పేజీ తెరుచుకునేది. పేజీ అంతా చదవక్కర్లేకుండా కావలసిన నాలుగు లైన్ల పక్కన పెన్సిల్‌తో గీత కూడా ఉండేది. మా సీనియర్ గుమాస్తాకి హైపర్‌టెక్స్టూ తెలీదు, డిజైనూ తెలీదు. సారుకి తీరిక ఉండదని తెలుసు, రెండో పేజీ తిప్పరని తెలుసు, కోపమొస్తే ఫైలు కిటికీ దాకా వెళ్తుందని తెలుసు. మనుషులు తెరమీద అక్షరం అక్షరం చదవరు, కళ్ళతో అలా ఊడ్చేసుకుంటూ పోతారని జేకబ్ నీల్సన్ 1997లో పరిశోధన చేసి రాశాడు. మా గుమాస్తా సారు మొహం చూసే కనిపెట్టాడు.

చదివేది సారైతే చీటీలున్నాయి, పెన్సిల్ గీతలున్నాయి. చదివేది పెన్షనరైతే 38 పేజీలు అడ్డంగా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా పక్కింట్లో లెక్కల మాస్టారున్నారు. ఈ ఊళ్ళో సగంమంది ఇంజనీర్లు ఆయన చేతిలో దెబ్బలు తిని పైకొచ్చినవాళ్ళే. ఆయనకీ ఇదే సర్క్యులర్ వచ్చింది. నేను ఆఫీసు మీద చిందులేస్తుంటే, ఆయన ఫోన్ మడతకుర్చీ మీద బోర్లా పెట్టి, 'వాళ్ళు సరిగ్గానే పెట్టుంటారయ్యా, మనకే బుర్ర పనిచేయడం లేదు' అన్నారు. ఎంత మెల్లగా అన్నారో! నాకు నోట మాట రాలేదు. వస్తువు రూపకల్పనలో లోపముంటే, వాడేవాళ్ళు తమకే చేతకాలేదని సిగ్గుపడతారని డొనాల్డ్ నార్మన్ 1988లోనే పుస్తకంలో పెట్టాడు. ఆ మాట మాస్టారికి చెప్పాను. ఆయన తల ఊపారు గానీ నమ్మలేదు. ఒకప్పుడు పోస్టాఫీసులో మనియార్డరు ఫారం పక్కవాడి చేత రాయించుకోవడానికి చదువురానివాడు కూడా ఇంత కుంగిపోయేవాడు కాదు. అడగడానికి ఎదురుగా ఓ మనిషి ఉండేవాడు. కసిరేవాడు, అయినా చెప్పేవాడు. ఇప్పుడు మనవడు ఖాళీగా ఉండే ఆదివారం దాకా ఆగాలి, వాడు విసుక్కుంటే నవ్వాలి.

మాస్టారి పని చివరికి మా వీధి చివరి జిరాక్సు షాపులో అయింది. ఆ షాపు కుర్రాడు డిగ్రీ తప్పాడు. గ్లాసు డోరుకి లోపలివైపు తెల్లకాగితం అంటించాడు, ఎర్ర స్కెచ్‌పెన్నుతో నాలుగు లైన్లు: మెడికల్ బిల్లుకి ఏ ఫారం, చివరి తేదీ, ఏమేం జిరాక్సులు తేవాలి, ఫోటో ఎన్ని కేబీల లోపు. తేదీ మాత్రం మిగతావాటికి రెట్టింపు సైజులో, చుట్టూ గడి కట్టి. ఎలా తెలిసిందిరా ఇవే రాయాలని, అంటే, 'పొద్దుట్నుంచి అందరూ ఇవే అడుగుతున్నారు సార్, చెప్పలేక రాశా' అన్నాడు.

ఫారం నింపితే 50, అప్‌లోడ్ చేస్తే ఇంకో 30 తీసుకుంటాడు. డోరు మీది కాగితం చదువుకోవడానికి మాత్రం డబ్బుల్లేవు.