రెన్, మార్టిన్ పండితద్వయమునకు కోనసీమ నుండి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రెన్, మార్టిన్ పండితవర్యుల సన్నిధానమునకు, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఆంగ్లము నేర్చుకొనువారి పక్షమున ఒకడు చేయు విన్నపము.

అయ్యా, మీలో రెన్ దొరవారు 1941లోనే కీర్తిశేషులైరని నేనెరుగుదును. అయినను 1930ల దశకమున వెలువడిన మీ ‘హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్’, తరువాతి కాలమున ఎన్.డి.వి. ప్రసాదరావుగారి సవరణలతో మా బడులలో నేటికిని తీర్పులు చెప్పుచునే యున్నది గనుక, న్యాయాధిపతి లేని కాలమునను తీర్పు అమలగుచున్నపుడు అప్పీలు చేసుకొనుటకు వేరు దిక్కు తోచక మీ పేరనే వ్రాయుచున్నాను. 1924లో ‘బో జెస్ట్’ వంటి సాహసగాథను రచించిన రెన్ దొరవారు వ్యాకరణమునందు మాత్రము పిల్లలకు ఒక్క సాహసమునైనను మిగుల్పకపోవుట చింత్యము.

మా మనవి యిది. ఆంగ్లము రావలెనన్న తెలుగును మరచి ఆంగ్లములోనే ఆలోచింపవలెనని మా మాస్టర్లు బోధింతురు. ఆ మరపు వలననే మావారు చెడుచున్నారని నా అభియోగము. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని వ్రాసిన బాలుని నోటుబుక్కుపై ఎఱ్ఱసిరా గీత పడును. ‘డిడ్ వచ్చిన పిమ్మట వెంట్ రారాదు’ అను సూత్రమును వాడు వల్లించును. మరునాడు మరల వెంట్ అనియే వ్రాయును. ఆ బాలుడే ఇంటివద్ద, తల్లి ‘సంతకి వెళ్ళావా?’ అని అడిగినపుడు, ‘వెళ్ళలేదు’ అనును గాని ‘వెళ్ళానులేదు’ అని జన్మమున అని యెరుగడు. భూతకాలపు భారమునంతయు ‘లేదు’ అనునది మోయగా, ‘వెళ్ళ’ అను రూపము కాలచిహ్నమే లేక నిలుచుచున్నది. డిడ్ నాట్ ప్రక్కన గో నిలుచుటయు నట్టిదే. ఈ రెండు మాటలు ఒక్కసారి నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూపినచో ఎఱ్ఱసిరా ఎంత మిగులునో! ప్రశ్నలో మాత్రము ఈ ఉపకారము చెల్లదని ఒప్పుకొనవలెను: ‘వెళ్ళావా’ అని మేము భూతకాలమునే నిలుపుదుము గనుక ‘డిడ్ యు వెంట్’ అనువాని పాపములో తెలుగునకును కొంత భాగము కలదు.

‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టు బ్రదర్స్’ అనువానిని తెలుగువాని యాసగా లోకము నవ్వుచున్నది. ఇది శుద్ధ అన్యాయము. ‘నాకు తెలుసు’ అందుము. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు’ అందుము. వీనిలో జరుగుచున్న పని యొక్క పొడ ఎక్కడ? మా తెలుసునకు మీ నోవలెనే నిరంతరరూపము లేదు. ‘తెలుస్తోంది’ అన్న యెడల అర్థమే మారి, ఇప్పుడిప్పుడే గ్రహించుచున్నామని తాత్పర్యమగును. ఈ దోషము పుట్టినది తెలుగునుండి గాదు, యామ్ పక్కన ఇంగ్ చేర్చుమని తరగతిలో వందలసార్లు చేయించిన అభ్యాసము నుండి. నిరంతరకాలమున సామాన్యముగా వాడరాని క్రియలకు మీరొక పట్టికయే ఇచ్చితిరి, సంతోషము. కాని ఆ పట్టికను కంఠస్థము చేయు రాజోలు పిల్లవానికి అందులో కొంత తన నాలుకపైననే యున్నదని చెప్పువారు లేకపోయిరి.

ఆర్టికల్సు సంగతి వేరు. ‘ఒక పడవ కొన్నాడు, ఆ పడవకు చిల్లు పడింది’ అనుటలో ఏ, ది అనువాని కథ సగము తీరినది. రెండవ సగమే దుర్గమము. నదులకు ది వలయును, ఊళ్ళకు వలదు. ఒంటరి ద్వీపమునకు వలదు, ద్వీపసముదాయమునకు వలయును అంటిరి. తత్ఫలితముగా గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలకు దక్కిన గౌరవము వాని నడుమనున్న ఊళ్ళలో ఒక్కదానికిని దక్కకపోయెను. ‘గోదావరి ఒక్కటే గనుక ది పెట్టాలంటే, అమలాపురాలు రెండున్నాయా మాస్టారూ?’ అని బాలుడడిగినచో, ‘అది రూలురా’ అనుటకన్న వేరు సమాధానమును మీరు మా మాస్టర్లకు నేర్పలేదు.

తెలుగు నిజముగా దారి తప్పించు చోటులును లేకపోలేదు. ‘మాస్టారు రేపు వస్తానన్నారు’ అను వాక్యమును సఖినేటిపల్లి రేవులో పంటుకొరకు నిలిచిన విద్యార్థి ‘మాస్టర్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అని మార్చినచో, రావలసిన మాస్టారు తప్పుకొని విద్యార్థియే రావలసి వచ్చును. ‘రెండేళ్ళ నుంచి’ అనునది ‘ఫ్రమ్ టు ఇయర్స్’ అగుటయు ఇట్టిదే. ఇక ఆంగ్లములోనికి సూటిగా మారని ‘రాముడు దశరథునికి ఎన్నవ కొడుకు?’ అను సనాతన ప్రశ్నను నేనెత్తను. దానితో మిమ్ము ఇప్పటికే చాలమంది వేధించియుందురు.

2019లో మా ప్రభుత్వము బడులలో ఆంగ్లమాధ్యమమునకు ఉత్తరువులిచ్చెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసెను. ఏ భాషలో బోధింపవలెనను ఆ కోలాహలమున, ‘వెళ్ళలేదు’ ప్రక్కన ‘డిడ్ నాట్ గో’ నిలిపి చూపుటకు ఇరుపక్షములలో ఎవరికిని తీరిక చిక్కలేదు. కావున మీ గ్రంథపు రాబోవు ముద్రణలో తెలుగు ఎక్కడ తోడ్పడునో, ఎక్కడ ద్రోహము చేయునో వివరించు నాలుగు పుటలు చేర్పింప ప్రార్థన. గల్ఫు ప్రయాణమునకు సిద్ధపడుచు నాలుగు ఆంగ్లవాక్యములకై వెదుకు మా సోదరీసోదరులకు, పాసివ్ వాయిస్ అభ్యాసములకన్న ఆ పుటలే ఎక్కువ ఉపకరించును.

పాసివ్ వాయిస్ అనగా జ్ఞప్తికి వచ్చినది: ‘ఉత్తరము నాచేత వ్రాయబడెను’ అని ఇంట మాటాడువాడు కోనసీమ యంతయు గాలించినను దొరకడు గాని, కచేరీ కాగితములలో వాడు లేని పుట లేదు. ‘మీ విన్నపము పరిశీలింపబడుచున్నది’ అని దయచేసి ప్రత్యుత్తరమీయవలదు. ఎవరు పరిశీలించుచున్నారో, ఎప్పటికి ముగింతురో, కర్తతో సహా వ్రాయవలెను.

ఇట్లు,
భవద్వ్యాకరణబాధితుడు