సొంత డబ్బా

ఆపరేషన్‌కు ముందు పెళ్ళిళ్ళలో బాబాయిని వెతుక్కునే పని ఉండేది కాదు. మొదటి బంతిలో ఉండేవాడు, రెండో బంతిలోనూ ఉండేవాడు. ఇప్పుడూ వెతకనక్కర్లేదు. సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళకి ముందు వరసలో ఎవరి ఫోను అలారం కొడుతుందో ఆయనే బాబాయి. "ఐరన్ టైమయింది" అని అటూ ఇటూ కూర్చున్నవాళ్ళకి చెప్పి జేబులోంచి డబ్బా తీస్తాడు. అక్షింతలు పట్టుకున్నవాళ్ళు మండపం వదిలేసి ఆ డబ్బా వైపు చూస్తారు. ఆయనకు కావలసిందీ అదే.

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్న బాబాయి ఈ మధ్య ప్రతి బంధువర్గంలోనూ ఒకడు తయారయ్యాడు. కూకట్‌పల్లిలో ఉంటాడు, విజయవాడలో ఉంటాడు, వేసవికి డాలస్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడా ఉంటాడు. 120 కిలోల మనిషి 80కి దిగాడు. పాత చొక్కాలు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు, బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకున్నాడు. ఒంట్లో మూడోవంతు పోయింది గానీ, పోయిందంతా మాటల్లోకి చేరింది. ఇదివరకు బిర్యానీలో లేయర్ల గురించి ఎంత లొట్టలేస్తూ చెప్పేవాడో, ఇప్పుడు కాల్షియం సిట్రేట్ గురించి అంత లొట్టలేస్తూ చెబుతాడు.

ఆపరేషన్ పేరు గ్యాస్ట్రిక్ బైపాస్. ఊళ్ళోవాళ్ళకి మొదటి మాట వినపడలేదు. "బైపాస్ అయిందట" అన్న కబురు తెలిసి తణుకు నుంచి ఇద్దరు అత్తయ్యలు కళ్ళు తుడుచుకుంటూ, బత్తాయిలు పట్టుకుని బస్సు దిగారు. గుండె కాదు పొట్ట అని చెబితే, "దానికీ బైపాసేనా!" అని పెద్దత్తయ్య బత్తాయిలు పిన్ని చేతిలో పెట్టింది. బాబాయి వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పొట్టలో పైభాగాన 30 మిల్లీలీటర్ల చిన్న సంచీ మాత్రం వదిలారు, దాన్ని తీసుకెళ్ళి చిన్నపేగులో కాస్త కిందకి కలిపారు, తిన్నది పేగు మొదటి భాగంలోకి పోకుండానే ముందుకి వెళ్ళిపోతుంది. ఐరన్‌నూ కాల్షియాన్నీ బాగా పీల్చుకునేది ఆ మొదటి భాగమే. కాబట్టి ఎంత మంచి తిండి తిన్నా బయటినుంచి మాత్రలు పడాల్సిందే, బతికున్నన్నాళ్ళూ పడాల్సిందే. చిన్నత్తయ్య అంతా విని, "తిండి మానడానికి ఆపరేషనూ, మానినందుకు మందులూనా?" అంది. ఆ ప్రశ్నకి బాబాయి ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాడు.

డబ్బా సంగతి చెప్పాలి. నీలం ప్లాస్టిక్‌ది, వారానికి ఏడు వరసలు, రోజుకి నాలుగు గదులు. మూతల మీద రోజుల పేర్లకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం అచ్చువేసి ఉండేది. మంగళవారానికీ గురువారానికీ అక్షరం ఒకటే కావడంతో ఒక గురువారం పూట మంగళవారం వేసేసుకున్నాడు. ఆ రోజు ఇంట్లో జరిగిన గొడవ తర్వాత పిన్ని తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి, వాటి మీద స్కెచ్ పెన్నుతో ఆది, సోమ, మంగళ అని రాసింది. ఆదివారం రాత్రి టీవీ ముందు కూర్చుని పీటల మీద పేకముక్కలు పంచినట్టు వారానికి సరిపడా పంచుతాడు. ఆ గంటసేపు ఎవరూ తుమ్మకూడదు.

ఆయన దినచర్య ఏ పంచాంగానికీ తీసిపోదు. తెల్లవారి అయిదున్నరకి పరగడుపున థైరాయిడ్ మాత్ర. దానికి కాల్షియమూ ఐరనూ నాలుగు గంటల దూరంలో ఉండాలి. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి గానీ ఒక్కసారికి 500, 600 మించి ఒంటికి పట్టదు కాబట్టి మూడు పూటలు. కాల్షియానికీ ఐరన్‌కీ పడదు, మధ్య కనీసం రెండు గంటల వర్జ్యం. ఐరన్‌కు నిమ్మరసం అమృతఘడియ, కాఫీ టీలు దుర్ముహూర్తం. అందుకే మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళి కాఫీ అడగకండి. ఇవ్వరని కాదు, మీరు తాగుతుంటే ఎదురుగా కూర్చుని గ్లాసు వంకే చూస్తాడు.

మందుల షాపు కుర్రాడికి ఈ పంచాంగమంతా కంఠతా వచ్చేసింది. "కార్బొనేట్ ఇస్తావేంటయ్యా? అది అరగడానికి ఆసిడ్ కావాలి. నా సంచీలో ఆసిడ్ ఎక్కడుంది? సిట్రేట్ తియ్యి" అని బాబాయి మొదలెడతాడు. వెనక వరస పెరుగుతుంది. ఆ వరసలో ఉన్న ముసలమ్మ మోకాళ్ళ నొప్పికి మాత్ర అడిగితే, "ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్ళకమ్మా, కుట్టు దగ్గర అల్సర్ పడుతుంది" అని హెచ్చరిస్తాడు. ముసలమ్మకి పొట్టలో కుట్టేమీ లేదు. అదే ఈ బాబాయిలతో వచ్చిన చిక్కు. ఆపరేషన్ ఆయనకు జరిగింది, పథ్యం ఊరందరికీ.

భోజనాల దగ్గరైతే మరీనూ. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఆగాలి అన్నది ఆయనకు పెట్టిన నియమం. మొన్న గృహప్రవేశంలో పక్క విస్తరి పిల్లాడికి గోంగూరలో పచ్చిమిర్చి తగిలి పొలమారింది. గ్లాసు కోసం చెయ్యి చాస్తే బాబాయి గ్లాసు జరిపేసి, "అరగంట ఆగు నాన్నా" అన్నాడు. వాళ్ళమ్మ చూసిన చూపుకి ఆ పూట ప్రోటీన్ పౌడర్ కలుపుకున్న ఫ్లాస్కు కూడా సర్దుకుని బాబాయి లేచి వచ్చేశాడు. రోజుకి 60 గ్రాములకు తగ్గకూడని ప్రోటీన్ ఆ రోజు తగ్గిందని మాకు వారం రోజులు చెప్పాడు.

తప్పించుకుందామంటే, ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఈ మనిషి ఎంత నయమో వాకింగ్‌లో ఆయన పక్కన నడిచే స్నేహితుణ్ణి చూస్తే తెలుస్తుంది. ఆయనదీ బరువు తగ్గే ఆపరేషనే, స్లీవ్ అంటారు. ఏడాదికల్లా బరువు దిగింది, షుగర్ మాత్ర డాక్టరే తీసేశాడు, రిపోర్టులు బాగున్నాయి. "ఇంకెందుకండీ ఈ బిళ్ళలు" అని మిగతావి ఆయనే తీసేశాడు. అప్పుడప్పుడు అమెరికా కొడుకు పంపిన జెల్లీ విటమిన్లు చప్పరిస్తాడు. వాటిలో చాలావాటికి ఐరనే ఉండదు. బి12 గడుసుది. లివర్‌లో దాచుకున్న నిల్వతో ఏళ్ళు నెట్టుకొస్తుంది. ఏమీ కాలేదని మనిషి మీసం మెలేస్తున్నప్పుడు మెల్లగా అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలవుతాయి. ఆయనకు మొదలయ్యాయి. "చెప్పుల వల్ల" అంటున్నాడు. బి1 అంత ఓపిక పట్టేది కాదు. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకుండా అవుతుంటే కొన్ని వారాల్లోనే అడుగంటి మెదడు మీదకి వస్తుంది. ఇంట్లో కషాయాలు కాచుకునే వ్యవహారం కాదది, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

బాబాయి మాత్రం ఏటా రక్తపరీక్ష తప్పడు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చినప్పుడు బయోటిన్ కొన్నాడు. అది థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తుందని తెలిశాక, పరీక్షకి ముందు డాక్టరును అడిగి ఆపడం నేర్చుకున్నాడు. రిపోర్టు వచ్చిన రోజు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ అంకె కింద ఎర్రగీత గీసి మరీ పెడతాడు. మనమడికి పదో తరగతిలో వచ్చిన మార్కులకి కూడా అన్ని బొటనవేళ్ళు పడలేదు. ఖర్చుల లెక్క పిన్ని దగ్గరుంది. బియ్యం బస్తా మూడు నెలలు వస్తోందట, మిగిలిన డబ్బు మందుల షాపుకి పోతోందట. "అప్పుడు తిని చంపాడు, ఇప్పుడు చెప్పి చంపుతున్నాడు" అంటుంది. అంటూనే రాత్రి తొమ్మిదింటి కాల్షియానికి గోరువెచ్చని నీళ్ళు పట్టుకొస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్ ఆలోచనలో ఉంటే ముందు డాక్టరును అడగండి, ఏ మాత్ర, ఎంత, ఎన్నాళ్ళు అని. అనుభవం కూడా వినాలనుకుంటే మా బాబాయి నంబరిస్తాను. భోజనం చేసి మరీ ఫోన్ చేయండి, గంటన్నర పడుతుంది. ఆదివారం రాత్రి మాత్రం చేయకండి, డబ్బా నింపుతుంటాడు.