గంగాళంలో ఐసు

ఇత్తడి సామాను తూకానికేసి స్టీలు గిన్నెలు తెచ్చుకున్నారు నానమ్మలు. అదే ఇత్తడిని 'యాంటిక్' పేరుతో అడిగినంత పోసి కొనుక్కొస్తున్నారు మనవలు. గండిపేట విల్లాల్లో ఇప్పుడు గంగాళంలో ఐసు, మరచెంబులో సోడా, తాంబూలప్పళ్లెంలో జీడిపప్పు!

చుట్టం గొంతు తడవాలంటే ముందు గ్లాసు వంశచరిత్ర వినాలి. "నిజాం కాలం నాటి డికాంటరండీ!" అంటాడు ఆసామి. అడుగున ధర స్టిక్కరు సగమే ఊడింది. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు అటకెక్కిన గ్లాసులకూ ఇప్పుడు వింటేజ్ హోదాయే.

నిజంగానే పాతదైతే ఇంకో తంటా. లెడ్ క్రిస్టల్ గాజులో నూటికి 24 పాళ్లో, ఆపైనో లెడ్ ఆక్సైడ్ ఉంటుంది. విస్కీ నెలల తరబడి అందులోనే మగ్గితే సీసం మెల్లగా దాన్లోకి దిగుతుంది. రాగితోనూ ఇదే చిక్కు: లోపల పూత లేని రాగి కప్పుల్లో నిమ్మరసం కలిపిన మాస్కో మ్యూల్ కాక్‌టెయిల్ పోయొద్దని అమెరికాలోని అయోవా అధికారులు 2017లో హెచ్చరించారు. కళాయి లేని గిన్నెలో చారు కాయకూడదని మన నానమ్మకు ఏ అధికారీ చెప్పలేదు.

పోనీ, కళాయి పెట్టించుకోవయ్యా అంటే... మెరుపొస్తే పాతదనం పోతుందట!